నేనొస్తేనే లేవండి

ఆమెకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉంది. ఆనకట్ట గేట్ల ఆఫీసు హాజరు పట్టీలో తప్ప దాన్ని ఎవరూ వాడలేదు. ఏటిగట్టు వీధులన్నిటికీ ఆమె కబురక్క. తనకంటే ఇరవై ఏళ్లు పెద్దవాళ్లు కూడా అక్కా అనే పిలిచేవారు. మొదట్లో సరిచెయ్యబోయి, కొన్నాళ్లకు ఊరుకుంది.

ఆ పేరు వెనక ఓ టెలిఫోను బూత్ ఉంది. చేతుల్లోకి ఫోన్లు రాని కాలంలో వీధి మొగలో ఆమె ఆ బూత్ నడిపేది. ఎక్కడో పనిలో ఉన్న ఎవరి మొగుడో ఫోను చేసి ఫలానా ఇంటివాళ్లను పిలవమంటే, "పది నిమిషాలాగి చెయ్యండి" అని పెట్టేసి, తలుపు దగ్గరగా వేసి, చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తేది. మంచి కబురైతే వీధి మొదట్లోనే అరిచి చెప్పేసేది. చెడ్డదైతే ఇంట్లోకి వెళ్లి, మంచినీళ్లు అడిగి తాగి, ఇంటావిడను కూర్చోబెట్టి, అప్పుడు చెప్పేది. ఈ తేడా అందరికీ తెలుసు. కబురక్క మంచినీళ్లు అడిగిందంటే ఆ ఇంటివాళ్లకు కాళ్లాడేవి కావు. అయినా ఏ కబురూ దాచిన మనిషి కాదు, ఒక్కటీ పెంచి చెప్పిన మనిషీ కాదు. నమ్మకం అంటారే, దాన్ని ఆమె అలా ఇల్లిల్లూ తిరిగి సంపాదించుకుంది. దాన్ని ఆఫీసువాళ్లు వచ్చి ఓ బల్ల, ఓ కుర్చీ ఇచ్చి పట్టుకుపోయారు. ఈ కథ చెప్పేటప్పుడు నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఊరికి ఎగువన ఆనకట్ట ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఏట్లో నీళ్లుండవు, ఉత్త ఇసుక. ఆ ఇసుకలో ముప్పై ఇళ్లవాళ్లు దోస, పుచ్చ పాదులు వేసుకుని బతుకుతారు. పొద్దున దిగితే మధ్యాహ్నం దాకా గుంటల్లోంచి కుండలతో నీళ్లు తోడి మొదళ్లకు పోస్తూనే ఉండాలి. ఎగువన వాన పడి గేట్లు ఎత్తితే ముప్పావుగంటలో ఏరు ఒడ్డుల నిండా వస్తుంది. అందుకని గేట్లు ఎత్తే ముందు గట్టు మీది సైరన్ మోగించాలి. జనం దాన్ని కూత అంటారు.

పాత సైరన్ చేత్తో తిప్పేది. అది పోయి కొత్త యంత్రం వచ్చిన ఏడాదే గొడవ మొదలైంది. దానికి కాస్త తేమ తగిలితే చాలు, కూసేది. పిట్ట వాలినా కూసేదని జనం చెప్పుకునేవారు. ఒక్క నెలలో పద్నాలుగు సార్లు కూస్తే, అందులో నిజం కూత రెండుసార్లు. ప్రతిసారీ జనం కుండలు పారేసి, పాదులు తొక్కుకుంటూ పడుతూ లేస్తూ గట్టెక్కేవారు. పదకొండోసారి కాబోలు, నిండు చూలాలు ఒకామె గట్టు మీద జారి పడింది. ఆమె దక్కింది కానీ బిడ్డ దక్కలేదు. మర్నాడు వీధివాళ్లంతా వెళ్లి సైరన్ నోట్లో తడి గోనెసంచులు కుక్కారు. అది పేపర్లో పడింది.

అప్పుడే కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడని చెప్పడానికి లేదు. మెత్తగా మాట్లాడతాడు, ఎవరొచ్చినా లేచి కుర్చీ చూపిస్తాడు. ఆ మెత్తదనమే కొంప ముంచింది. కసురుకునేవాడైతే జనం జాగ్రత్తగా ఉండేవారు. యంత్రం బాగుచేయించాలంటే పెద్దాఫీసుకు రాయాలి, వాళ్లు ఇంకెక్కడికో రాయాలి, సామాను రావాలి. దానికంటే ఓ మనిషిని పెట్టడం తేలిక అని ఆయనకు తోచింది. ఎవరు చెబితే వీళ్లు వింటారని వాకబు చేస్తే అందరూ ఒక్క పేరే చెప్పారు. అప్పటికి బూత్ మూతపడి నాలుగేళ్లయింది. కబురక్క పాత బట్టలకు పైకుట్లు వేసుకుంటూ కాలక్షేపం చేస్తోంది. ఆమెను పిలిచి 'ప్రజా సంబంధాల సహాయకురాలు' అన్నారు. ఆ మాట అన్నయ్య ఇంటికెళ్లి వదినకు చెబితే, వదిన రెండుసార్లు నోరు తిప్పి చూసుకుని, "ఇంత పొడుగు పేరు పలికేలోపు ఏరు వచ్చేస్తుంది కదే" అంది.

వదిన గురించి చెప్పాలి. కబురక్కకు ఆరేళ్లప్పుడు తల్లి పోయింది. ఆ ఏడే అన్నయ్యకు పెళ్లయింది. పద్దెనిమిదేళ్ల వదిన ఇంట్లో అడుగుపెట్టిన రోజునే, చిక్కులు కట్టిన ఈ పిల్ల జుట్టును మోకాళ్ల మధ్య పెట్టుకుని దువ్వింది. పిల్ల కేకలకు వీధి వీధంతా వచ్చింది. ఆ దువ్వెన ఆ తరవాత ముప్పై ఏళ్లు ఆగలేదు. వదిన నోరు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. ఆమెకు పిల్లలు కలగలేదు. ఆ మాట ఎవరైనా ఎత్తితే, "ఎందుకు లేరు, ఒక గాడిద ఉందిగా" అని ఆడపడుచును చూపించేది.

ఉద్యోగంలో చేరిన వారానికి గట్టు మీది రేకుల షెడ్డులో మీటింగు పెట్టారు. బిడ్డను పోగొట్టుకున్నామె కూడా వచ్చి వెనకాల కూర్చుంది. కబురక్క లేచి నిలబడి ఆమెనే చూస్తూ చెప్పింది.

"ఇకమీదట కూత వినగానే ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని పరిగెత్తకండి. కూత పడగానే గేట్లు ఎత్తే మన గేటు బాబాయ్ నాకు ఫోను చేస్తాడు, నిజమో ఉత్తిదో చెప్తాడు. నిజమైతే నేనొస్తా. స్కూటరేసుకుని గట్టు దిగి మీ పాదుల్లోకే వస్తా. నేనొస్తేనే లేవండి. నేను రాలేదంటే ఉత్త కూతే, మీ పని మీరు చేసుకోండి."

జనం మొహాల్లో నెల రోజుల భయం దిగిపోవడం ఆమె కళ్లారా చూసింది. వెనకాల కూర్చున్నామె కొంగుతో కళ్లు తుడుచుకుంది. పక్కన కూర్చున్న మేనేజరు చప్పట్లు కొట్టాడు. ఆ రోజు రిపోర్టులో 'ప్రజల భయాందోళనలు తొలగించబడినవి' అని రాయించాడు. రాసింది కబురక్కే. అలాంటి వాక్యాలు రాయడం ఆమె ఎంత తొందరగా నేర్చుకుందో చూసి ఆయనే ఆశ్చర్యపోయేవాడు.

మూడేళ్లు మాట తప్పలేదు. జ్వరమొచ్చినా వెళ్లింది. తింటున్న కంచం ముందు నుంచి లేచి వెళ్లింది. నిజం కూత పడితే ఆమె స్కూటరు గట్టు దిగేది, ఇసుక అంచున ఆపి, పేరుపేరునా పిలిచేది. పాదుల తాతా లే, పిన్నీ లే, వదినా ఆ కుండ వదిలెయ్, కుండ పోతే పోయింది! తలలు లెక్కపెట్టుకుని ఆఖరి మనిషి గట్టెక్కాక తను ఎక్కేది. రెండో ఏడు యంత్రం బాగైంది. అప్పట్నుంచి ప్రతి నెలా మొదటి సోమవారం ఉత్తినే ఒకసారి మోగించి చూసుకునేవారు. ఆ సోమవారాలు ఆమె వెళ్లేది కాదు, వాళ్లు లేచేవారు కాదు. మిగిలినవన్నీ నిజం కూతలే. కూత బాగైందని, ఇకమీదట వినగానే లేవమని జనానికి చెబుదామని ఆమె మేనేజరును అడగకపోలేదు.

"బాగైందని చెప్తే, ఇన్నాళ్లూ పాడైందని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది కదమ్మా. అయినా నువ్వున్నావుగా," అన్నాడాయన.

ఆ మాటకు ఆమె ఇంకో మాట అనలేదు. ఎందుకు అనలేదో ఆమెకూ తెలుసు. ఆమె స్కూటరు చప్పుడుకు అంతమంది తలెత్తి చూడడం, నవ్వుతూ లేవడం ఆమెకు ఇష్టంగా ఉండేది. దాన్ని తప్పనడానికి నాకు నోరు రాదు. ఊళ్లో ఎవరికి ఉండదు ఆ ఇష్టం?

ఇక ఆ రోజు సంగతి.

వారం రోజులుగా ఆమెకు దవడ పన్ను ప్రాణం తోడేస్తోంది. చెంప బుడగలా ఉబ్బింది. పొరుగూళ్లో పళ్ల డాక్టరు గురువారం రమ్మన్నాడు. వదినకూ అదే చెప్పింది. తీరా మంగళవారం పొద్దున డాక్టరు దగ్గరినుంచి ఫోను. ఎవరో రావడం లేదట, ఇప్పుడే వస్తే పీకేస్తారట. ఆమె మేనేజరుకు చెప్పింది. "వెళ్లిరామ్మా, పూట పనేగా," అన్నాడాయన. ఆకాశంలో మబ్బు తునక లేదు.

గట్టు మీదుగా వెళ్తూ స్కూటరు ఆపింది. కింద పాదుల్లో అందరూ వంగి పనిలో ఉన్నారు. నీలం చీర వదినది, పక్కన అన్నయ్య. ఒక కేక వేస్తే చాలు, ఈ పూట నేనుండను, కూత పడితే లేవండి అని. ఆమె నోరు తెరిచింది కూడా. చెప్తే భయపడతారేమో అనిపించింది. పూట పనికి ఇంతమందిని కంగారు పెట్టడం ఎందుకు, కూత పడేదే అయితే ఇంత ఎండ ఎందుకు కాస్తుంది అనుకుంది. వదిన చూస్తే కుండలొదిలేసి నేనూ వస్తానంటుంది, పని పాడవుతుంది అనుకుంది. జనాన్ని భయపెట్టకపోవడమే తన పనిగా మూడేళ్లు చేసిన మనిషికి అలా కాక ఇంకెలా తోస్తుంది. స్కూటరు ముందుకు పోనిచ్చింది.

ఎగువన ఎక్కడో కొండల్లో పెద్ద వాన పడిందని, ఆనకట్టలోకి నీళ్లు ఉన్నట్టుండి వచ్చాయని తరవాత తెలిసింది. గేటు బాబాయ్ సైరన్ మోగించి ఆమెకు ఫోను చేశాడు. ఫోను డాక్టరు గది బయట బల్ల మీద సంచిలో ఉంది. ఆమె నోరు తెరుచుకుని కుర్చీలో వెనక్కి వాలి ఉంది. ఏడుసార్లు చేశాడు. ఎత్తకపోయేసరికి మేనేజరుకు చేశాడు. "సైరన్ మోగుతోందిగా, నిబంధన ప్రకారం అంతే కదా," అన్నాడాయన. ఆయనకు కాగితం మీది సంగతి గుర్తుంది కానీ, షెడ్డులో తను చప్పట్లు కొట్టిన మాట గుర్తుకు రాలేదు.

నోట్లో దూది పెట్టుకుని, సంచిలో ఫోను చూసుకోకుండానే ఆమె తిరిగి వచ్చేసరికి ఏరు ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు ఎర్రగా పారుతోంది. నీళ్లు కంటపడ్డాక పరుగెత్తి చాలామంది గట్టెక్కారు. లోపలెక్కడో నడిమధ్య ఉన్నవాళ్లకు ఆ సమయం చాలలేదు. పాదుల తాత పోయాడు. ఒక కూలి మనిషి పోయింది. వదిన పోయింది. అన్నయ్యను నీళ్లు ఈడ్చుకుపోతుంటే వంతెన స్తంభం చేతికి తగిలింది. ఆమె వెళ్లేసరికి ఆయన గట్టు మీద తడిబట్టలతో మోకాళ్లు కావలించుకుని కూర్చున్నాడు. చెల్లెల్ని చూసి మొహం తిప్పుకున్నాడు.

వదిన మర్నాడు దిగువన దొరికింది. జుట్టంతా చిక్కులు కట్టి ఇసుక నిండి ఉంది. కబురక్క ఎవ్వరినీ దగ్గరికి రానివ్వకుండా, ఆ తల ఒళ్లో పెట్టుకుని గంటన్నర జుట్టు దువ్వింది. పన్ను ఊడిన చోట రక్తం కారుతూనే ఉంది. ఆమె ఏడవలేదు. ఆ గంటన్నరా ఒక్కటే అడిగింది, కూత పడలేదా, కూత పడలేదా అని. పడలేదని అన్నయ్య చెప్పాడు. పడలేదని చుట్టూ ఉన్నవాళ్లంతా చెప్పారు.

మూడో రోజు ఆమె చేతికి దొరికిన చీర చుట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. మేనేజరు బల్ల మీద చెయ్యేసి కొట్టింది. "సైరన్ ఎందుకు మోగలేదు సార్? ముగ్గురిని చంపేశారు మీరు. ఏం చెప్పమంటారు మా వాళ్లకి?"

ఆయన కోప్పడలేదు. ముందు మంచినీళ్లు తెప్పించి ఇచ్చాడు. ఆమె తాగేదాకా ఆగాడు. ఆ తరవాత గట్టు స్తంభానికి ఉన్న కెమెరా చిత్రం కంప్యూటర్లో పెట్టాడు.

దానికి శబ్దం లేదు. కూత పడేటప్పుడు స్తంభం మీద తిరిగే ఎర్ర దీపం మాత్రం ఓ మూల తిరుగుతూ కనిపిస్తోంది. కింద ఇసుకలో చిన్న చిన్న మనుషులు. దీపం తిరగడం మొదలవగానే అందరూ ఒక్కసారి తలలెత్తారు. ఏటి ఎగువకు ఒక్కరూ చూడలేదు. అందరూ గట్టు దారి వైపు తిరిగారు. నీలం చీర మనిషి నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మునివేళ్ల మీద లేచి ఆ దారినే చూసింది. చాలాసేపు చూసింది. తరవాత ఒక్కొక్కరే తలలు దించుకుని పనిలో పడ్డారు. నీలం చీర అందరికంటే ఆఖర్న వంగింది.

ఆ దారి ఖాళీగా ఉంది. దాని మీద రావలసిన మనిషి ఇప్పుడు కుర్చీలో కూర్చుని దాన్ని చూస్తోంది. ఆమె కడుపులోంచి ఒక శబ్దం వచ్చింది. అది ఏడుపో ఏమిటో మేనేజరుకు తెలియలేదు. ఆయన కంప్యూటరు కట్టేశాడు.

"నాలుగు రోజుల్లో విచారణమ్మా. చిత్రంలో శబ్దం లేదు, మోగలేదని ఊరంతా ఒక్కటే మాట మీద ఉన్నారు. అదే నిలబడితే ఆ రోజు డ్యూటీలో ఉన్న గేటు మనిషి, నీకు ఏడుసార్లు ఫోను చేసినవాడు, జైలుకు పోతాడు. నువ్వు చెప్తే వింటారు. మోగింది, విన్నాం అని సంతకాలు తీసుకురా," అన్నాడు.

గేటు బాబాయ్ ముసలివాడు. వచ్చే ఏడు దిగిపోవలసినవాడు. ఏడుసార్లు ఫోను చేసిన మనిషి. ఆమె ఇల్లిల్లూ తిరిగింది. ఎప్పుడూ తిరిగే ఇళ్లే, ఎప్పుడూ కూర్చునే అరుగులే. కూత పడిందా అని అడిగితే పెద్దవాళ్లు నేల చూపులు చూశారు. ఆడవాళ్లు పొయ్యి దగ్గర పనుందని లేచారు. అందరిదీ ఒక్కటే మాట, పడలేదు. చివరికి బిడ్డను పోగొట్టుకున్నామె ఇంటికి వెళ్లింది. ఆమె తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి చెప్పింది.

"పడింది అక్కా. ఎందుకు పడలేదు. పడిందంటే మరి ఎందుకు లేవలేదని అడుగుతారు. ఎందుకు లేవలేదో చెప్తే నీ పేరొస్తుంది. నీ పేరు మా నోటి నుంచి రాదు. మీ అన్నయ్య వచ్చి అందరి చేతా ఒట్టు వేయించుకున్నాడు."

చూశారా, మూడేళ్లుగా ఆమె ఆఫీసు మాట మోసి ఈ ఇళ్లకు చేర్చింది. ఇప్పుడు ముప్పై ఇళ్లూ కలిసి ఆమె తప్పును కడుపులో పెట్టుకుని మోస్తున్నాయి. శవాలు లేచిన ఇళ్లు కూడా. తిట్టి ఉంటే ఆమెకు కాస్త ఊపిరాడేది.

అన్నయ్య ఇంటి ముందు నీళ్లకుండకు తాడు కడుతున్నాడు. ఇక పాదులు లేవు, నీళ్లు పోసేదీ లేదు. చేతులు ఊరికే ఉండలేక కడుతున్నాడు.

"నిజం చెప్పేస్తా అన్నయ్యా," అంది.

"ఏం నిజం?"

"కూత పడిందని. నేను చెప్పిన మాట వల్ల లేవలేదని."

"చెప్తే నిన్ను నిలబెట్టి కాల్చేస్తారు పేపర్లో. ఉద్యోగం పోతుంది. రేపు వీధిలో ఎవడో ఒకడు నిన్ను హంతకురాలంటాడు. అది నేను వినాలా?"

"గేటు బాబాయ్ ఏం చేశాడు పాపం? జైలుకు పోతాడట."

ఆయన తాడు ముడి విప్పి మళ్లీ వేశాడు.

"ఏడుసార్లు చేశాడు అన్నయ్యా. ఆయన ఒక్కడే ఆ రోజు తన పని సరిగ్గా చేసింది."

"ఆయన నాకేమీ కాడు. నువ్వు నా చెల్లెలివి," అన్నాడు అన్నయ్య. "మీ వదిన ఎలాగూ రాదు. నువ్వు కూడా పోతే నాకెవరున్నారే? అందరం ఒక్క మాట మీద ఉన్నాం. నువ్వొక్కదానివి తప్పితే మళ్లీ నా గడప తొక్కకు."

ఆయన ఆ మాట కోపంగా అనలేదు. బతిమాలుకుంటూ అన్నాడు. అందుకే ఆమెకు ఆ నాలుగు రోజులూ అన్నం సహించలేదు.

విచారణకు పైనుంచి ఒక అధికారి వచ్చాడు. ఆఫీసు హాల్లో కుర్చీలు వేశారు. వీధివాళ్లు ఒక్కొక్కరే లేచి కూత పడలేదన్నారు. గేటు బాబాయ్ ఓ మూల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అన్నయ్య కూడా చెప్పాడు, గొంతు తడబడకుండా. ఆఖర్న కబురక్క లేచింది. మూడేళ్లలో అన్ని మీటింగులు నడిపిన గొంతు ఆ రోజు పైకి రాలేదు. గట్టిగా చెప్పమ్మా అన్నాడు అధికారి.

"కూత పడింది సార్. అందరూ విన్నారు. వినీ కూర్చున్నారు, నేను రాలేదని. నేనొస్తేనే లేవండని వాళ్లకు చెప్పింది నేను. అప్పుడు సైరన్ ఊరికే ఊరికే కూసేది, ఒకామెకు బిడ్డ పోయింది. అందుకని చెప్పాను. తరవాత అది బాగైందని వాళ్లకు మేము చెప్పలేదు. ఆ మాట చెప్పినప్పుడు మేనేజరు గారు నా పక్కనే ఉన్నారు. ఆ రోజు ఊళ్లో ఉండనని కూడా నేను చెప్పలేదు. పోయినవాళ్ల తప్పు ఇంతైనా లేదు. వాళ్లు నన్ను నమ్మారు, అంతే."

 గుమాస్తా అంతా రాసుకున్నాడు. ఆమె సంతకం పెట్టింది. తలెత్తి చూసేసరికి అన్నయ్య కుర్చీ ఖాళీగా ఉంది.

వారం తరవాత పేపర్లో ఆఫీసు ప్రకటన వచ్చింది. చిన్నదే, ఏడు వాక్యాలు. హెచ్చరిక సైరన్ సకాలంలో మోగిన విషయాన్ని ప్రజా సంబంధాల సహాయకురాలే స్వయంగా ధ్రువీకరించారు. సైరన్ విన్నప్పటికీ కొందరు నిర్లక్ష్యంగా ఏటిలోనే ఉండిపోవడం మిక్కిలి విచారకరం. ఇకమీదట ప్రజలు సహకరించవలసిందిగా మనవి.

ఆమె దాన్ని మూడుసార్లు చదివింది. ఎక్కడ కత్తిరించారో, ఎక్కడ అతికించారో ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అది ఆమె చేతి పనే, మనిషి వేరంతే. మేనేజరు దగ్గరికి వెళ్లి, "సగమే వేశారేం సార్?" అని అడిగింది.

"మొత్తం విచారణ రిపోర్టులో ఉందమ్మా. ప్రకటనలో అన్నీ వెయ్యలేం కదా, నీకు తెలియనిదా," అన్నాడాయన. కుర్చీ చూపించాడు కూడా. ఆమె కూర్చోలేదు. స్కూటరు తాళాలు ఆయన బల్ల మీద పెట్టి, నడిచి ఇంటికొచ్చింది.

గేటు బాబాయ్ బయటపడ్డాడు. ఒకరోజు ఆమె ఇంటి ముందుకొచ్చి, లోపలికి రాకుండా, దణ్ణం పెట్టి వెళ్లిపోయాడు. ఆ ఒక్క దణ్ణం తప్ప ఆమెకు ఇంకేమీ మిగల్లేదు. వీధిలో వెళ్తుంటే అరుగుల మీది మాటలు ఆగిపోయేవి. పాదుల తాత కూతురు ఒక్కతే ఎదురొచ్చి పేపరు మొహం ముందు పెట్టి అడిగింది. "మా నాన్న నిర్లక్ష్యంగా చచ్చిపోయాడా అక్కా? నీ పేరు పెట్టి వేశారే!" మొత్తం చెప్పబోయింది. నేనది అనలేదు, నేను చెప్పింది వేరు, అది రిపోర్టులో ఉంది. ఆ రిపోర్టు ఎక్కడుందని ఆ పిల్ల అడిగింది. ఎక్కడుందో కబురక్కకూ తెలియదు.

నెల రోజులు అన్నయ్య గడప తొక్కలేదు. తరవాత ఇక ఉండలేక ఒక సాయంత్రం వెళ్లింది. ఆయన వసారాలో కూర్చుని ఉన్నాడు. ఆమె మెట్టు మీదే కూర్చుంది. ఆయన వద్దనలేదు, రమ్మననూ లేదు. ఎదురింట్లో ఎవరో అన్నం గిన్నె దించిన చప్పుడైంది.

"వదినను నిర్లక్ష్యం అన్నది నేను కాదు అన్నయ్యా," అంది చివరికి.

"నాకు తెలుసు."

"మరి నాతో మాట్లాడవేం?"

ఆయన అరచేతులు చూసుకున్నాడు. స్తంభం ఒరుసుకున్న గీతలు ఇంకా మానలేదు.

"మాట్లాడితే ఈ మాట బయటికొస్తుందని," అన్నాడు. "ఎవరికీ చెప్పలేదు. నీకు తెలియకూడదనే కూత పడలేదన్నాను, పేపరుకు భయపడి కాదు. ఆ రోజు అందరూ మళ్లీ పనిలో పడ్డాక నాకు ఏదో తేడాగా అనిపించింది. గాలి చల్లబడింది. లే, గట్టెక్కుదాం అన్నాను మీ వదినతో. ఉండవయ్యా, అమ్మాయి రాలేదుగా అంది. ఇంకోసారి అన్నాను, చెయ్యి పట్టి లాగాను. నామీద విసుక్కుంది. అంతమందిలో గట్టిగా అనేసింది, ఊరంతా దాన్ని నమ్ముతుంటే నీ చెల్లెలి మీద నీకే నమ్మకం లేదా అని. అందరూ నావైపు చూశారు. నాకు సిగ్గేసింది. మళ్లీ వంగి నీళ్లు పోయడం మొదలుపెట్టాను."